డునెడిన్‌లో శనివారం ఎక్కడ తినాలి

ముందు పోయినవాటి లెక్క రాస్తాను.

అరవై ఒక్క చోట్ల వివరాలున్న లాంగ్ నోటుబుక్కు ఒకటి. పుస్తకం నా దగ్గరే ఉంది, పోయింది దాని మీద నమ్మకం. దాన్ని నింపడానికి పట్టిన శనివారాలు నూట ఎనభై ఏడు. ఆరు బల్లలు, ఒక కాటా ఉన్న క్యాంటీన్ ఒకటి. ఆ క్యాంటీన్‌లో మనవాళ్లు తినాల్సి ఉండీ తినకుండా పోయిన ప్లేట్లు నూట ముప్పై ఒకటి. ఒక పెద్దావిడ కార్తీక మాసపు నియమం, అందులో గడిచిన పద్దెనిమిది రోజులు. ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి నన్ను "అన్నయ్యా" అని పిలిచిన మనిషి ఒకడు. ఇతన్ని పోయినవాటిలో వెయ్యాలో, వదిలినవాటిలో వెయ్యాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. చివరిది, నా భార్య నా మాట మీద అన్నం తినడం. ఇప్పుడు బయటికెళ్తే నేను అడిగి వచ్చిన ప్రశ్నే ఆవిడ మళ్లీ లేచి వెళ్లి అడుగుతుంది. "వంటకి ఏ నూనె వాడతారండీ?" అని. నేను బల్ల దగ్గర కూర్చుని గోడ చూస్తుంటాను.

నేను పెద్దగా చదువుకోలేదు. ఇంటర్ తప్పి, తెనాలి దగ్గర ఒక రైస్ మిల్లులో బస్తాలు లెక్కపెట్టే పనిలో చేరాను. లెక్కలు అక్కడే నేర్చుకున్నాను, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నా భార్య నర్సు. ఆవిడకి డునెడిన్‌లో ఉద్యోగం వస్తే నలభై మూడో ఏట ఆవిడ వెనక వచ్చాను. ఇప్పుడు కూరగాయల గోడౌన్‌లో సరుకు చూస్తాను. ఎన్ని పెట్టెలు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి, ఎన్ని కుళ్లాయి. మూడు అంకెలు సరిపోతే ఆ రోజు నాకు హాయిగా ఉంటుంది.

మా ఇంట్లో శనివారం మాంసం ముట్టం. గుడ్డు కూడా లేదు. మా ఇంట్లోనే కాదు, ఇక్కడున్న తెలుగు కుటుంబాల్లో సగానికి పైగా శనివారం నియమం ఉంది. చిక్కు ఏమిటంటే, ఈ ఊళ్లో జనం బయట తినేది శనివారమే. ఆ రోజే సెలవు, ఆ రోజే పిల్లలు "నాన్నా, బయటికెళ్దాం" అంటారు. వెళ్తే సూపులో ఎముకల రసం, బీన్స్‌లో పంది ముక్క, చిప్స్ అనే వేడి బంగాళాదుంప ముక్కలు వేయించేది గొడ్డు కొవ్వులో. ఈ దేశపు దక్షిణ కొసన చాలా దుకాణాల్లో ఇప్పటికీ చిప్స్ కొవ్వులోనే వేయిస్తారు, అదే అసలు రుచి అని గర్వంగా చెప్తారు కూడా. వచ్చిన కొత్తలో ఒక శనివారం నా భార్య కూరగాయల సూపు సగం తాగాక గిన్నె అడుగున కోడి ఈక తొడిమంత ఎముక కనబడింది. చెంచా పక్కన పెట్టి, మంచినీళ్లు తాగి, ఇంటికొచ్చి స్నానం చేసింది. ఆ రోజే పుస్తకం కొన్నాను.

నా పద్ధతి ఇది. ప్రతి చోటుకీ నూరు మార్కులు. వేయించే నూనెకి నలభై. సూపు రసానికి ఇరవై. మాంసానికి వాడిన గరిటె కూరగాయల్లో పెట్టకపోతే ఇరవై. అడిగితే విసుక్కోకుండా జవాబు చెప్తే పది. రుచికి పది. ఒకసారి తింటే పెన్సిల్‌తో రాస్తాను. మూడుసార్లు తిని, మూడుసార్లూ ఒకే జవాబు వస్తే పెన్సిల్ చెరిపి సిరాతో రాస్తాను. కొవ్వని చెప్తే తినకుండానే నూనె గడిలో సున్నా. అది తప్ప తినని చోటుకి మార్కు లేదు. ఈ ఆఖరి నియమం గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

నూటికి తొంభై ఆరు వచ్చింది ఒక్క చోటుకే. రేవు దగ్గర పాత గిడ్డంగుల వీధిలో ఒక రష్యన్ ఆవిడ నడిపే క్యాంటీన్. ఆవిడది వోల్గా నది మీద ఒక మోస్తరు ఊరు. మాస్కో కాదు, ఎవరికీ తెలియని ఊరు అని తనే చెప్పేది. అరవై దాటిన మనిషి, చేతులు మా మిల్లు హమాలీల చేతుల్లా ఉండేవి. అక్కడ ట్రే పట్టుకుని వరసలో వెళ్లి, కావలసింది ప్లేట్లో వేసుకుని కాటా మీద పెట్టాలి. ఎంత బరువుంటే అంత. వాళ్ల ఊళ్లో ఫ్యాక్టరీ క్యాంటీన్లు అలాగే ఉండేవట. తిండిని తూకం వేసే చోటు నాకు నచ్చకుండా ఎలా ఉంటుంది?

మొదటిసారి వెళ్లినప్పుడు ఈ సూపులో ఏముందని అడిగాను. ఆవిడ గరిటె కింద పెట్టి, నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి, గిన్నెలు ఒక్కొక్కటీ మూత తీసి చూపించింది.

"ఇది గొడ్డు. ఇది కోడి. ఇది నీళ్లూ క్యాబేజీ. నీకేం కావాలి?"

"నీళ్లూ క్యాబేజీ."

"ఉపవాసమా? మా అమ్మమ్మ కూడా చేసేది. బుధవారం, శుక్రవారం. నీది ఎప్పుడు?"

"శనివారం."

"అయితే శనివారం అందరికీ నీళ్లూ క్యాబేజీయే" అంది. ఆ వారం నుంచి శనివారం ఆవిడ వంటింట్లో మాంసం పొయ్యెక్కలేదు. బంగాళాదుంప కూరి ఉడకబెట్టిన కజ్జికాయల్లాంటివి, పైన వేయించిన ఉల్లిపాయ. బీట్‌రూట్ కూర. గోధుమరంగు గింజలతో వండిన అన్నంలాంటిది. నా భార్య ఆ కజ్జికాయలు పన్నెండు తిని, పదమూడోది నా ప్లేట్లోంచి తీసుకుంది. ఇక్కడికొచ్చాక ఇంటి బయట ఆవిడ అలా తినడం అదే మొదలు.

నేను తెలిసినవాళ్లకి చెప్పాను. వాళ్లు ఇంకొకళ్లకి చెప్పారు. మమ్మల్ని మినహాయించి శనివారానికి సగటున పద్నాలుగు ప్లేట్లు మనవాళ్లవే. అంత చిన్న క్యాంటీన్‌కి పద్నాలుగు ప్లేట్లంటే వారం మొత్తానికి ఊపిరి.

వర్షం పడి జనం లేని పూట ఆవిడ నా ఎదురుగా కూర్చుని వాళ్ల ఊళ్లో ఎక్కడ తినాలో చెప్పేది. స్టేషన్ వెనక ఒక కిటికీ ఉందట, గోడలో కిటికీ మాత్రమే, అందులోంచి ఒక చెయ్యి వచ్చి క్యాబేజీ పూర్ణం పెట్టిన రొట్టె ఇస్తుందట. ఆ చేతి మనిషి ముఖం ఇరవై ఏళ్లలో తను ఎప్పుడూ చూడలేదంది. బేరింగుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గురువారం చేప తప్ప ఏమీ ఉండదు. నది ఒడ్డున పడవలో ఒక హోటలు, శీతాకాలం నది గడ్డకడితే పడవ కదలకుండా ఇరుక్కుపోతుంది, అప్పుడే అక్కడ తినాలి, అప్పుడు వంటవాడికి వేరే పని ఉండదు. ఇలా ఏడు చోట్లు. నేను పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. మార్కుల గళ్లు ఖాళీగా వదిలాను. నేను ఆ ఊరు వెళ్లలేదు, వెళ్లను కూడా.

ఇక తమ్ముడి సంగతి.

తమ్ముడంటే వరసకి తమ్ముడు కాదు. గుంటూరు వైపు కుర్రాడు, ముప్పై రెండేళ్లుంటాయి, ఇంట్లోంచే చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం పొద్దున కాఫీకి వచ్చేవాడు. "వదినా, మీ కాఫీ తాగితే వారం గడిచిపోతుంది" అనేవాడు. తర్వాత "అన్నయ్యా, పుస్తకం ఒకసారి" అనేవాడు. ఇచ్చేవాణ్ణి. తిరగేస్తూ నవ్వేవాడు.

"రుచికి పదేనా అన్నయ్యా? గరిటెకి ఇరవయ్యా?"

"రుచి లేకపోతే ఆ పూట పోతుంది. గరిటె తప్పితే నియమం పోతుంది."

"మీరు మామూలు మనిషి కాదన్నయ్యా."

చేతిలో ఫోను ఉండేది. ఎవరి చేతిలో లేదు కనక?

ఒక జులై శనివారం, ఇక్కడి నడి చలికాలంలో, క్యాంటీన్‌కి ఆక్లాండ్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. పాపటోయిటోయి వాళ్లట, పిల్లకి యూనివర్సిటీలో సీటు చూడ్డానికి వచ్చారు. మేం తెలుగు మాట్లాడుకోవడం విని ఆయన మా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మీరు ఇక్కడివాళ్లేనా అండీ? అయితే మీకు ఇది తెలిసే ఉంటుంది" అని ఫోను చూపించాడు. "మన తెలుగబ్బాయి ఒకడు రాశాడండీ. ఎంత కష్టపడ్డాడో చూడండి. గరిటెకి కూడా మార్కులు పెట్టాడు! ఇలాంటి బుర్ర ఎలా వస్తుందండీ మనుషులకి?"

చూశాను. అరవై ఒక్క చోట్లు. నా నలభై, నా ఇరవై, నా ఇరవై, నా పది, నా పది. పైన తమ్ముడి నవ్వు ముఖం, ఎండకళ్లద్దాలు. చివరిదాకా వేలితో తోసుకుంటూ వెళ్లాను. ఆఖర్న "రష్యాలో ఎక్కడ తినాలి" అని ఉంది. ఏడు చోట్లూ ఉన్నాయి. గోడలో కిటికీ ఉంది. గడ్డకట్టిన పడవ ఉంది. నేను ఖాళీగా వదిలిన గళ్లలో అంకెలున్నాయి. కిటికీకి తొంభై ఐదు. పడవకి ఎనభై ఎనిమిది. కింద ఎవరో రష్యాలో వైద్యం చదివే మన పిల్లలు "అన్నా, చాలా ఉపయోగపడింది" అని రాశారు.

"చాలా బాగుందండీ" అన్నాను ఆయనతో. నా భార్య నా వైపు చూసి, చెంచా కింద పెట్టింది.

మర్నాడు కాఫీ అయ్యాక అడిగాను. అతను దాచలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

"అన్నయ్యా, అల్మారాలో ఉంటే ఎవరికి పనికొస్తుంది? నేను వెయ్యి మందికి చేర్చాను."

"పుస్తకం ఎవరిదో రాయలేదు."

"ఫోన్లో పేర్లు ఎవరు చూస్తారన్నయ్యా!"

"ఆ రష్యా ఊరు నువ్వు వెళ్లావా?"

"లేదు."

"మరి తొంభై ఐదు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

భుజాలెగరేశాడు. "గళ్లు ఖాళీగా ఉంటే బాగోదని వేశాను."

పుస్తకం పట్టుకుపోవడం ఒక తప్పు. దానికి నేను నెల రోజులు కోపంగా ఉండి ఊరుకునేవాణ్ణేమో. తినని తిండికి తొంభై ఐదు వెయ్యడం వేరు. ఒక చెయ్యి కిటికీలోంచి వచ్చి రొట్టె ఇస్తుంది, ఆ చేతి మనిషి ముఖం ఇరవై ఏళ్లు అక్కడే బతికినావిడకే తెలియదు, వీడు దానికి ఐదు తగ్గించాడు. ఎందుకు తగ్గించాడు? ఏం లోపం కనబడింది? ఆ ఐదు మార్కులు నాకు గోడౌన్‌లో పెట్టెలు ఎత్తుతున్నప్పుడు కూడా గుర్తొచ్చేవి.

తర్వాతి ఆదివారం అతను మామూలుగా వచ్చాడు. కాఫీ తాగాడు. "పుస్తకంలో కొత్తవేమైనా వేశారా?" అన్నాడు. అప్పుడు తెలిసింది, ఇతను ఆపడు. నేను రాస్తాను, ఇతను ఫొటో తీస్తాడు, చూసుకోడు. చూసుకోనివాడి చేత ఏదైనా చెప్పించవచ్చు.

ఆగస్టులో రష్యన్ ఆవిడ ఒక మాట అడిగింది. క్యాంటీన్ అద్దె ఒప్పందం అయిపోతోంది, ఇంకో ఏడాదికి సంతకం పెట్టాలి. తనకి ధైర్యం చాలడం లేదు.

"నువ్వు లెక్కపెట్టే మనిషివి. మీవాళ్లు శనివారం వస్తూనే ఉంటారా?"

నేను తొందరపడి చెప్పలేదు. ఇంటికొచ్చి యాభై రెండు శనివారాల అంకెలు తీశాను. వాన రోజులు, పరీక్షల రోజులు, ఊరెళ్లిన రోజులు అన్నీ కలిపినా సగటు పద్నాలుగే. తక్కువలో తక్కువ తొమ్మిది. వెళ్లి చెప్పాను. ఆవిడ ఇంకోసారి అడగలేదు. నా అంకె మీద సంతకం పెట్టింది.

సెప్టెంబరులో, అంటే ఇక్కడ వసంతం మొదట్లో, పుస్తకం తీసి నలభై నాలుగో చోటు దగ్గర ఆగాను. సెయింట్ క్లెయిర్ బీచ్ దగ్గరి చిప్స్ దుకాణం. నేను అడిగి వచ్చాను, గొడ్డు కొవ్వు అని చెప్పారు. నూనె గడిలో పెన్సిల్‌తో సున్నా ఉంది. రబ్బరు తీసుకుని చెరిపాను. సిరా పెన్నుతో నలభై రాశాను. పక్కన "కూరగాయల నూనె మాత్రమే. శనివారానికి శ్రేష్ఠం" అని కూడా రాశాను. రాయడానికి పదిహేను సెకన్లు పట్టి ఉంటుంది. పుస్తకంలో నా చేతి మీదుగా పడిన మొదటి అబద్ధం అది, అదీ సిరాతో. తమ్ముడు ఎక్కడో నలుగురి ముందు మాటపడతాడు, "ఇది నువ్వు తిని రాశావా?" అని ఎవరో ఒకరు అడుగుతారు, అంతే నా ఊహ. ఆ ఒక్క ప్రశ్న వాణ్ణి ఎవరైనా అడగాలి. అదే నా కోరిక.

ఆదివారం వచ్చాడు, కాఫీ తాగాడు, పేజీలన్నీ మళ్లీ ఫొటో తీశాడు.

నేను లెక్కలోకి తీసుకోనిది కార్తీక మాసం.

నవంబరులో తెలుగువాళ్లందరం వనభోజనాలు పెట్టుకుంటాం. ఇక్కడ ఉసిరి చెట్టు లేదు కాబట్టి సముద్రం ఒడ్డున. ఆ నెల నియమం లేనివాళ్లు కూడా ఆ రోజు శాకాహారమే. పులిహోర ఒకరు, గుత్తొంకాయ ఒకరు, ఇలా పంచుకుంటారు. ఆ ఏడాది గురువారం నాడు ఫోన్లో గ్రూపులో తమ్ముడి సందేశం వచ్చింది. "పిల్లలకి పులిహోర ఎక్కడం లేదు. నేను వేడి వేడి చిప్స్ తెప్పిస్తున్నా. బీచ్ పక్కనే, ప్యూర్ వెజ్, నేను టెస్ట్ చేశా."

నేను టెస్ట్ చేశా, అన్నాడు.

గురువారం సాయంత్రం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా నలభై రెండు గంటలు. ఒక్క ఫోను చాలు. ఫోను చేతిలోకి తీసుకున్నాను, ఆ మాట మళ్లీ చదివాను, పక్కన పెట్టేశాను. శుక్రవారం గోడౌన్‌లో పెట్టెలు రెండుసార్లు తప్పు లెక్కపెట్టాను. శనివారం నా భార్యకి డ్యూటీ ఉంది. నేనొక్కణ్ణే డబ్బాలో పెరుగన్నం కలుపుకుని వెళ్లాను.

ముప్పై ఒక్కమంది. గాలి మరీ ఎక్కువ లేదు. పన్నెండు స్కూపులు చిప్స్ కాగితం పొట్లాల్లో పొగలు కక్కుతూ వచ్చాయి. తమ్ముడు చేతులు చాచి పంచాడు. ఒక కుటుంబం వాళ్ల అమ్మగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు, డెబ్భై దాటిన ఆవిడ, నెలంతా ఒంటిపూట భోజనం, రోజూ తలస్నానం, దీపం. మనవరాలు రెండు చిప్స్ ఆవిడ నోట్లో పెట్టింది. ఆవిడ నమిలి, ఇంకో గుప్పెడు తీసుకుంది.

"ఎంత కమ్మగా ఉన్నాయే! నేతిలో వేయించారా ఏమిటి?"

"ఏమో అమ్మమ్మా."

"నెయ్యే. లేకపోతే ఇంత వాసన రాదు. ఏ నెయ్యో కనుక్కో, మనమూ కొందాం."

కోడలు నవ్వుతూ లేచి రోడ్డు దాటి దుకాణంలోకి వెళ్లింది. నేను పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఆవిడ వెళ్లడం చూశాను. రావడం చూశాను. వెళ్లేటప్పటి నడక వేరు, వచ్చేటప్పటి నడక వేరు. అత్తగారి దగ్గర వంగి మెల్లగా చెప్పింది. ముసలావిడ చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి, చీర కుచ్చెళ్లు పట్టుకుని, ఇసకలో కొంత దూరం వెళ్లి కక్కుకుంది.

అందరూ తమ్ముడి మీద పడ్డారు.

"టెస్ట్ చేశానన్నావు కదయ్యా!"

"నువ్వు తిన్నావా అసలు? అడిగావా?"

ఎవరో ఒకరు అడగాలని నేను కోరుకున్న ప్రశ్న పదిమంది అడిగారు. అతని ముఖం పాలిపోయింది. ఫోను తీసి, గబగబా వెతికి, అందరికీ ఎత్తి చూపించాడు.

"నాది కాదండీ! లిస్టు నాది కాదు! మొత్తం ఈయన రాసిందే. ఇదిగో ఈయన చేతిరాత చూడండి. నలభై అని సిరాతో వేశారు. అరవై ఒక్క చోట్లూ ఈయనవే, నేను తీసుకున్నానంతే!"

నాలుగు నెలలుగా ఎదురుచూసిన మాట. అక్షరం తగ్గకుండా, ముప్పైమంది ఎదుట. ఒక్క క్షణం నాకు నిజంగా ఆనందం కలిగింది, అబద్ధం ఎందుకు రాయాలి.

ఆ తర్వాత ముసలావిడ వెనక్కి వచ్చింది. మూతి తుడుచుకుంటూ నా వైపు చూసింది. నా ముఖం కాదు, నా ఒళ్లో డబ్బా.

"నువ్వు తినలేదేం నాయనా?"

అందరూ డబ్బా వైపు చూశారు. ముప్పై ఒక్కమందిలో ఇంటి నుంచి వేరే అన్నం తెచ్చుకున్నది నేనొక్కణ్ణే. డబ్బాకి మూత పెట్టాను. ఎవరూ ఇంకో మాట అడగలేదు. అడగక్కర్లేదు కూడా.

సాయంత్రం నా భార్యకి అంతా చెప్పాను. ఆవిడ యూనిఫాంలోనే కూర్చుని విన్నది.

"అతనికి బుద్ధి చెప్పాలంటే అతని ముఖాన పుస్తకం విసిరికొట్టొచ్చు. కాఫీ మానెయ్యొచ్చు. ఆ పెద్దావిడ నోరే దొరికిందా మీకు?"

"ఆవిడ వస్తుందని నాకు తెలీదు."

"గురువారం తెలుసుగా."

నేను పెరుగన్నం డబ్బా తీసుకెళ్లి సింకులో పెట్టాను.

"నాలుగేళ్లు మీరు తల ఊపితే తిన్నాను. ఇంక మీరు మార్కులేస్తే నేను తిననండి" అని లేచి స్నానానికి వెళ్లింది. మొదటి సూపు రోజున వెళ్లినట్టే.

మర్నాడు ఆవిడే వెళ్లి ముసలావిడని చూసి వచ్చింది. నేనూ రెండుసార్లు వెళ్లాను. కొడుకు గుమ్మం దగ్గరే నిలబెట్టి, "అమ్మ పడుకుందండీ" అన్నాడు. రెండుసార్లూ అదే మాట. ఆవిడకి నేనున్న బాకీ అంకెల్లోకి రాదు, వేరే కాగితం మీద కూడా వెయ్యలేదు.

నేను ముందే చూడాల్సింది ఇంకొకటి ఉంది. మిల్లులో పని నేర్చుకునేటప్పుడు మొదటివారంలోనే తెలిసిన విషయం: బస్తాల చిట్టాలో ఒక్క అంకె తప్పని తేలితే ఆ చిట్టా మొత్తం పక్కన పెట్టి గోదాము మళ్లీ లెక్కపెట్టిస్తారు. నా పుస్తకానికీ అదే జరిగింది. నలభై నాలుగోది అబద్ధమైతే పన్నెండోది నిజమని ఎవరు చెప్పాలి? రష్యన్ ఆవిడ క్యాంటీన్ నా పుస్తకంలో పన్నెండోది. శనివారం అక్కడ మాంసం పొయ్యెక్కదన్న మాట మనవాళ్లకి చెప్పింది ఆవిడ కాదు, నేను. ఆవిడని అడిగితే మూత తీసి చూపించేది. కానీ మనసు విరిగాక అడగడానికైనా ఎవరు వెళ్తారు? శనివారాలు అందరూ ఇళ్లలో పప్పు వండుకోవడం మొదలుపెట్టారు.

మొదటి శనివారం ఐదు ప్లేట్లు. రెండోదానికి మూడు. క్రిస్మస్ సెలవులు తీసేస్తే ఫిబ్రవరిదాకా పదకొండు శనివారాలు. మొత్తం వచ్చినవి ఇరవై మూడు. రావాల్సినవి పదకొండు పద్నాలుగులు, నూట యాభై నాలుగు.

ఎనిమిదో శనివారం నేను చెప్పేశాను. బల్లలు ఖాళీ. ఆవిడ ఎదురుగా కూర్చుని చేతులు తుడుచుకుంటోంది.

"పద్నాలుగు అని నువ్వే చెప్పావు."

"అవును."

"లెక్క తప్పా?"

"లెక్క సరైందే. తర్వాత నేను తప్పు పని చేశాను." చిప్స్, కొవ్వు, ముసలావిడ, డబ్బా, అన్నీ చెప్పాను. చివరి పేజీలో వాళ్ల ఊరి సంగతి కూడా. కిటికీకి తమ్ముడు తొంభై ఐదు వేశాడని చెప్తే మాత్రం ఆవిడ కనుబొమ్మలు లేచాయి.

"తినకుండానా?"

"తినకుండా."

"వెధవ" అంది, వాళ్ల భాషలో. అర్థం అడగాల్సిన పని లేకపోయింది. తర్వాత నన్ను చూసి ఇంకేదో మాట అంది. అది ఇంకొంచెం పెద్దది. అదీ అర్థమైంది.

"సరే. పద్నాలుగు మందిని తీసుకురా."

"నా వెనక ఎవరూ రారు ఇప్పుడు."

"అయితే నువ్వే పద్నాలుగు సార్లు రా" అని లేచి కాటా తుడవడానికి వెళ్లింది.

పద్నాలుగు సార్లు చాలదని అప్పుడే మనసులో లెక్క కట్టాను. పని దిగగానే రోజూ వెళ్లి తినేవాణ్ణి. శనివారం కాని రోజు కూడా నీళ్లూ క్యాబేజీయే. మూసేలోపు పందొమ్మిది ప్లేట్లు తిన్నాను. ఒక్కడు తినే తిండితో క్యాంటీన్ నిలబడదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఫిబ్రవరి ఆఖర్న బల్లలు అమ్మేసింది. కాటా అమ్మలేదు.

ఇప్పుడు ఆవిడ ఇన్వర్కార్గిల్‌లో శనివారం సంతలో ఒక్క బల్ల వేసుకుని అమ్ముతుంది. మా ఇంటి నుంచి కారులో రెండున్నర గంటలు. నెలకోసారి వెళ్తాను. రెండు ప్లేట్లు అక్కడే తింటాను, ఒకటి కట్టించుకుని నా భార్యకి తెస్తాను. ఆ పొట్లం ఒక్కటే ఆవిడ ఏమీ అడక్కుండా విప్పి తింటుంది. నన్ను నమ్మి కాదు, ఆ చేతుల్ని నమ్మి. మొన్నటిది పదమూడో ప్రయాణం. రష్యన్ ఆవిడ క్షమించానని ఎప్పుడూ అనలేదు. ప్లేటు తూకం వేస్తుంది, ఇంకా ఎన్ని అని కళ్లతోనే అడుగుతుంది, నేను అంకె చెప్తాను, తల ఊపుతుంది.

తమ్ముడు ఊళ్లోనే ఉన్నాడు. ఇప్పుడు ఇల్లు ఎక్కడ కొనాలో చెప్తూ వీడియోలు చేస్తున్నాడట. సూపర్‌మార్కెట్‌లో ఎదురైతే "అన్నయ్యా, బాగున్నారా?" అంటాడు. నేను బండి తిప్పుకుని వేరే వరసలోకి వెళ్తాను. చిప్స్ దుకాణాన్ని లిస్టులోంచి తీసేశాడు, మిగతా అరవై అలాగే ఉన్నాయి. రష్యా పేజీ కూడా అలాగే ఉంది. ప్రతి శనివారం పొద్దున లేవగానే చూస్తాను. కిటికీకి తొంభై ఐదు, పడవకి ఎనభై ఎనిమిది. ఆ ఏడు గళ్లూ అతను ఖాళీ చేసే రోజు దాకా అతన్ని నేను వదలను. మళ్లీ అదే సెప్టెంబరు వస్తే సున్నాని నలభై చెయ్యనని నా చేత రాయించలేరు. గురువారం మాత్రం ఫోను చేస్తాను. ముసలావిడ ఇంటికి మాత్రమే.

నూట యాభై నాలుగులో వచ్చినవి ఇరవై మూడు తీస్తే నూట ముప్పై ఒకటి. మూసేలోపు నేను తిన్న పందొమ్మిది తీస్తే నూట పన్నెండు. ప్రయాణాలు పదమూడు, ప్రయాణానికి మూడు, ముప్పై తొమ్మిది. ఈ శనివారానికి ఇంకా బాకీ ఉన్నవి డెబ్భై మూడు ప్లేట్లు.